హ్యాండ్‌హెల్డ్‌కు కొత్త చిప్ ఎప్పుడు రావాలి?

2025 అక్టోబరు 16న ఏసస్, మైక్రోసాఫ్ట్ కలిసి రెండు హ్యాండ్‌హెల్డ్ (చేతిలో పట్టుకుని ఆడే) గేమింగ్ యంత్రాలను ఒకేసారి అమ్మకానికి తెచ్చాయి. ఒకటి 999 డాలర్ల ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్, రెండోది 599 డాలర్ల ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై. రెండింటిలోనూ ఉన్నవి ఏఎండీ కంపెనీ జెడ్2 వరుసలోని చిప్‌లే. పేర్లు చూస్తే ఒకే తరానికి చెందినవి అనిపిస్తాయి. లోపల చూస్తే మాత్రం చాలా తేడా ఉంది. జెన్ అన్నది ఏఎండీ ప్రాసెసర్ డిజైన్ పేరు, ఆర్‌డీఎన్‌ఏ అన్నది గ్రాఫిక్స్ డిజైన్ పేరు, పక్కనున్న అంకె తరాన్ని చెబుతుంది. ఖరీదైనదానిలో కొత్త జెన్ 5 కోర్లు, 16 గ్రాఫిక్స్ యూనిట్లు ఉన్నాయి. చౌకదానిలోని జెడ్2 ఏ చిప్‌లో నాలుగు జెన్ 2 కోర్లు, ఆర్‌డీఎన్‌ఏ 2 తరహా గ్రాఫిక్స్ యూనిట్లు 8 ఉన్నాయి. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన స్టీమ్ డెక్ హ్యాండ్‌హెల్డ్‌లో ఉన్న అమరిక కూడా ఇదే.

మూడున్నరేళ్ల తర్వాత వచ్చిన కొత్త యంత్రంలోకి అదే పాత డిజైన్ ఎలా వచ్చింది? ఆ మూడున్నరేళ్లలో ఫోన్లు మూడు నాలుగు తరాలు మారాయి. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డులూ మారాయి. హ్యాండ్‌హెల్డ్ మాత్రం ఆ క్యాలెండర్ ప్రకారం నడవదు. ఈ సంగతి పట్టించుకోకుండా ఏటా ఒక కొత్త మోడల్ తెచ్చే కంపెనీలు, ఏటా కొత్తది కావాలని అడిగే కొనుగోలుదారులు ఇద్దరూ నష్టపోతున్నారు. హ్యాండ్‌హెల్డ్‌కు చిప్ మార్పు న్యాయమయ్యే సందర్భం ఒక్కటే: అంతే కరెంటుతో, అంతే వేడితో, చేతికి అంతే బరువుతో ఆట దాదాపు రెట్టింపు మెరుగ్గా నడవగలిగినప్పుడు. అప్పటిదాకా తెర, బ్యాటరీ, స్టిక్‌లు, స్టోరేజ్ ఎన్నిసార్లు బాగుచేసినా మంచిదే. చిప్‌ను మాత్రం కదపకూడదు.

దీనికి కారణం వాట్ల లెక్కలో ఉంది. ఇంట్లో టేబుల్ మీద ఉండే కంప్యూటర్‌కు గోడకున్న ప్లగ్‌లోంచి ఎంత కావాలంటే అంత కరెంటు వస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 300 వాట్లు తీసుకుంటుంది. స్టీమ్ డెక్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ కలిసిన మొత్తం చిప్‌కు వాల్వ్ పెట్టిన హద్దు 15 వాట్లు. మొదటి డెక్ బ్యాటరీ 40 వాట్-అవర్లు. చిప్‌కు తోడు తెర, ఫ్యాన్, వైఫై, స్పీకర్లు కూడా కలిపితే బరువైన ఆటకు 20 వాట్లు దాటుతుంది. 40ని 20తో భాగిస్తే రెండు గంటలు. వాల్వ్ తానే 2 నుంచి 8 గంటలని ప్రకటించింది. ఆ 2 ఇలా వచ్చిందే.

2023 జూన్‌లో వచ్చిన మొదటి ఆర్‌ఓజీ ఆలై ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చూపించింది. జెన్ 4 కోర్లు 8, ఆర్‌డీఎన్‌ఏ 3 గ్రాఫిక్స్ యూనిట్లు 12. కాగితం మీద డెక్ కంటే ఎంతో ముందున్న చిప్. బ్యాటరీ మాత్రం అదే 40 వాట్-అవర్లు. బ్యాటరీ మీద చిప్‌ను 25 వాట్ల దాకా తీసుకెళ్లే టర్బో మోడ్‌లో ఆడితే గంటకు కాస్త అటూఇటూగా ఛార్జ్ అయిపోయేది. కొత్త చిప్ తన శక్తి చూపించాలంటే ఛార్జర్ పక్కనే కూర్చోవాలి. అదే చిప్‌ను 15 వాట్లకు దించితే డెక్‌కూ దానికీ ఉన్న దూరం చాలావరకు తగ్గిపోయేది. వేగం పెరిగినట్టు కనిపించినదానిలో పెద్ద వాటా అదనంగా తాగిన కరెంటుదే.

దాని తెర కూడా ఇందులో భాగమే. డెక్ తెర 1280 బై 800, అంటే సుమారు 10 లక్షల పిక్సెళ్లు. ఆలై తెర 1920 బై 1080, సుమారు 21 లక్షలు. అదే ఏడాది అక్టోబరులో లెనోవో తెచ్చిన లీజియన్ గో తెర 2560 బై 1600, దాదాపు 41 లక్షలు. పిక్సెళ్లు రెట్టింపైతే వాటిని నింపే పనీ దాదాపు రెట్టింపవుతుంది. ఏడు నుంచి తొమ్మిది అంగుళాల తెర మీద ఆ తేడా కంటికి అంతగా ఆనదు. చాలామంది కొన్న తర్వాత ఆట రిజల్యూషన్‌ను కిందికి దించుకునే ఆడారు. కొత్త చిప్ తెచ్చిన లాభాన్ని కొత్త తెరే తినేసింది.

ఇంకో అడ్డంకి గురించి ప్రకటనల్లో ఎవరూ పెద్దగా చెప్పరు. అది మెమరీ వేగం. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుకు తన సొంత మెమరీ ఉంటుంది. హ్యాండ్‌హెల్డ్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి. మొదటి స్టీమ్ డెక్ ర్యామ్ సెకనుకు 88 జీబీ సమాచారాన్ని అందించగలదు. 2025 నాటి ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్‌లో అది 128 జీబీ. మూడున్నరేళ్లలో దాదాపు 45 శాతం పెరుగుదల. ఆ రెండింటి మధ్య గ్రాఫిక్స్ యూనిట్లు 8 నుంచి 16కి, అంటే సరిగ్గా రెట్టింపయ్యాయి. పొలం రెట్టింపు చేసి బోరు నీళ్లు సగం మాత్రమే పెంచితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. యూనిట్లు ఉంటాయి, వాటికి అందాల్సింది వేళకు అందదు. తక్కువ వాట్ల దగ్గర కొత్త చిప్‌ల ఆధిక్యం చిన్నదిగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

బ్యాటరీ ఈ పరుగులో అందరికంటే వెనక ఉంది. ఎక్కువ ఛార్జ్ కావాలంటే దాదాపుగా ఎక్కువ బరువే మోయాలి. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా వెంట తీసుకెళ్లగల లిథియం బ్యాటరీకి 100 వాట్-అవర్ల పరిమితి ఉంది కాబట్టి పైహద్దు కూడా ఎప్పుడో ఖరారైపోయింది. ఇప్పటికే కొన్ని హ్యాండ్‌హెల్డ్‌లు 80 దగ్గరికి చేరాయి. ఇక మిగిలింది 20 మాత్రమే. రాబోయే తరాలు బ్యాటరీ పెంచి సమస్యను దాటలేవు. వాట్‌కు ఎంత పని చేస్తాయన్నదాని మీదే బతకాలి.

చిప్ డిజైన్‌ను ముట్టుకోకుండా ఎంత మేలు చేయవచ్చో 2023 నవంబరులో వచ్చిన స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ చూపించింది. లోపలి చిప్ అదే డిజైన్‌తో 7 నానోమీటర్ల నుంచి 6 నానోమీటర్ల తయారీకి మారింది (ఈ అంకె తగ్గేకొద్దీ చిప్ లోపలి భాగాలు ఇంకా సన్నబడినట్టు). వేగం కోసం కాదు, కరెంటు ఆదా కోసం. తెర 7 నుంచి 7.4 అంగుళాలైంది, సెకనుకు బొమ్మ మార్చే వేగం 60 హెర్ట్జ్ నుంచి 90కి వెళ్లింది, చీకటి రంగులు నిజంగా నల్లగా కనిపించాయి. బ్యాటరీ 50 వాట్-అవర్లు, ప్రకటించిన సమయం 3 నుంచి 12 గంటలు. ఇంత చేసినా బరువు 669 గ్రాముల నుంచి 640కి తగ్గింది. ఆటల వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి డెక్ కొన్నవారి దగ్గరున్న ఆటలన్నీ అంతకుముందులాగే నడిచాయి. ఎవరి యంత్రమూ ఆ రోజుతో పాతబడిపోలేదు. హ్యాండ్‌హెల్డ్ చరిత్రలో మధ్యకాలపు సవరణ ఇంత శుభ్రంగా జరిగిన సందర్భాలు తక్కువే.

ఏసస్ కూడా ఆ తర్వాతి ఏడాదే ఈ దారికి వచ్చింది. 2024 జులైలో వచ్చిన ఆలై ఎక్స్‌లో చిప్ అదే పాత జెడ్1 ఎక్స్‌ట్రీమ్. బ్యాటరీ 40 నుంచి 80 వాట్-అవర్లకు రెట్టింపైంది, ర్యామ్ 16 నుంచి 24 జీబీకి పెరిగింది, బరువు 608 నుంచి 678 గ్రాములైంది. అప్పటిదాకా వచ్చిన విండోస్ హ్యాండ్‌హెల్డ్‌లలో మంచి పేరు తెచ్చుకున్నది ఇదే. నిజం చెప్పాలంటే 2023లోనే ఇలా వచ్చి ఉండాల్సింది.

వాల్వ్ తన వైఖరిని దాచుకోలేదు. ఏటా కొంచెం మెరుగైన మోడల్ తేవడం కొనుగోలుదారులకు న్యాయం కాదని, బ్యాటరీని బలి ఇవ్వకుండా తరం మారినంత తేడా వచ్చేదాకా ఆగుతామని 2024లో ఆ కంపెనీ డిజైనర్లు ఇంటర్వ్యూల్లో చెప్పారు. దీన్ని సోమరితనం అన్నవారు ఉన్నారు. పోటీ కంపెనీలు దూసుకుపోతుంటే వాల్వ్ నిద్రపోతోందని అన్నవారూ ఉన్నారు. వారి వాదనలో కొంత బలం లేకపోలేదు. కన్సోల్ తరం మారితే కొత్త ఆటలు పాత యంత్రానికి రావు. పీసీ హ్యాండ్‌హెల్డ్‌లో అలాంటి గోడ లేదు, పాత ఆటలూ కొత్త ఆటలూ అన్నింటికీ ఒకే లైబ్రరీ. అలాంటప్పుడు లాప్‌టాప్‌లలాగే ఏటా కొత్తది వస్తే నష్టమేంటి, కావలసినవాళ్లు కొనుక్కుంటారు కదా అన్నది వారి ప్రశ్న.

నష్టం ఉంది. అది ఆటలు తయారుచేసేవారి వైపు నుంచి వస్తుంది. లక్షల మంది చేతుల్లో ఒకే రకం యంత్రం ఉంటే స్టూడియోలు దాన్ని దృష్టిలో పెట్టుకుని పనిచేస్తాయి. బాల్డర్స్ గేట్ 3 దీనికి మంచి ఉదాహరణ. 2023 ఆగస్టులో ఆ ఆట వచ్చినప్పుడు డెక్ మీద నడిచింది కానీ, మూడో అంకంలోని పెద్ద నగరంలోకి వెళ్లేసరికి తడబడేది. దాని స్టూడియో లారియన్ 2025 సెప్టెంబరులో స్టీమ్ డెక్ కోసమే ప్రత్యేకంగా, దాని మీద నేరుగా నడిచే ఒక నేటివ్ వెర్షన్ విడుదల చేసింది. ఆట వచ్చిన రెండేళ్ల తర్వాత, యంత్రం వచ్చిన మూడున్నరేళ్ల తర్వాత ఒక స్టూడియో కూర్చుని ఆ పని చేసిందంటే ఆ యంత్రం మారలేదు కాబట్టే. ఈలోగా డెక్ రెండు సార్లు చిప్ మార్చుకుని ఉంటే ఏ డెక్ కోసం పనిచేయాలి? డెక్ మీద ఆట బాగా నడుస్తుందో లేదో చెప్పే ‘వెరిఫైడ్’ గుర్తుకు విలువ ఉన్నది కూడా ఈ స్థిరత్వం వల్లే. ఆలై, లీజియన్ గో, క్లా, అయానియో, జీపీడీ అని పేర్లు, మోడళ్లు పెరిగేకొద్దీ వాటి యజమానులు ప్రతి ఆటకూ సెట్టింగ్‌లతో తామే కుస్తీ పట్టాల్సి వస్తోంది.

ఎంఎస్‌ఐ క్లా సంగతి ఇంకా బాధాకరం. 2024లో ఇంటెల్ మీటియర్ లేక్ చిప్‌తో వచ్చిన మొదటి క్లాకు వేగం మీదా బ్యాటరీ మీదా గట్టి విమర్శలొచ్చాయి. ఏడాది తిరగకముందే లూనార్ లేక్ చిప్‌తో, 80 వాట్-అవర్ల బ్యాటరీతో కొత్త క్లా సిద్ధమైంది. కొత్తది నిజంగా మంచి యంత్రం, అందులో అనుమానం లేదు. మొదటిది కొన్నవారి పరిస్థితి ఏమిటన్నదానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఈ వాదనకు అసలు బలం పాత చరిత్రలో దొరుకుతుంది. నింటెండో గేమ్ బాయ్ 1989లో జపాన్‌లో వచ్చింది. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు గున్‌పేయ్ యోకోయ్. అందరికీ తెలిసిన, చౌకగా దొరికే, లోపాలన్నీ బయటపడిపోయిన పాత సాంకేతికతను కొత్త పనికి వాడాలన్నది ఆయన పద్ధతి. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో వచ్చాయి. గేమ్ గేర్‌కు 6 ఏఏ బ్యాటరీలు కావాలి, అవి మూడు నుంచి ఐదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్‌కు 4 బ్యాటరీలు చాలు, వాటితో పది గంటలకు పైగా ఆడుకోవచ్చు. తెర ఆకుపచ్చగా, మసకగా ఉండేది. అయినా గెలిచింది అదే.

నింటెండో రంగుల తెర తెచ్చింది 1998లో, తొమ్మిదేళ్ల తర్వాత. గేమ్ బాయ్ కలర్‌లో ప్రాసెసర్ వేగం సుమారు 4.19 మెగాహెర్ట్జ్ నుంచి 8.39కి, ర్యామ్ 8 కేబీ నుంచి 32 కేబీకి పెరిగింది. దానికి కావలసినవి రెండే ఏఏ బ్యాటరీలు. వేగం రెట్టింపు, రంగులు అదనం, బ్యాటరీలు సగం. పాత క్యాసెట్లూ అందులో ఆడేవి. కొత్త ఆటల్లో నల్లటి క్యాసెట్‌లో వచ్చినవి పాత గేమ్ బాయ్‌లో కూడా నడిచేవి. హ్యాండ్‌హెల్డ్ అప్‌గ్రేడ్ ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ తొమ్మిదేళ్లూ నింటెండో ఊరికే కూర్చోలేదు. 1996లో చిన్నదైన, తెర మెరుగైన గేమ్ బాయ్ పాకెట్ తెచ్చింది. అదే ఏడాది పోకెమాన్ వచ్చి ముసలిదైపోయిందనుకున్న యంత్రానికి మళ్లీ ప్రాణం పోసింది. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్ శక్తిలో పెద్ద అంగ వేసింది. కానీ తెరకు వెలుతురే లేదు. దీపం కిందో కిటికీ దగ్గరో కూర్చుని ఆడాలి. రెండేళ్లకు వచ్చిన ఎస్‌పీ మోడల్ అదే చిప్‌తో తెరకు లైటు, రీఛార్జబుల్ బ్యాటరీ, మడిచే మూత ఇచ్చింది. కొన్నవారికి అది కొత్త యంత్రంతో సమానం.

చిప్‌ను మధ్యలో మార్చినప్పుడు ఏమైందో కూడా నింటెండోనే చూపించింది. 2014లో వచ్చిన న్యూ నింటెండో 3డీఎస్‌లో ప్రాసెసర్ కోర్లు రెండు నుంచి నాలుగుకు, వేగం 268 నుంచి 804 మెగాహెర్ట్జ్‌కు, ర్యామ్ 128 నుంచి 256 ఎంబీకి పెరిగాయి. అంకెలు చూస్తే ఘనమే. ఆ శక్తిని పూర్తిగా వాడుకునేలా, అందులో మాత్రమే నడిచేలా వచ్చిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అప్పటికే కోట్ల మంది దగ్గర పాత 3డీఎస్ ఉంది. వారిని వదులుకుని కొత్తదానికే ఆట తీయడానికి ఏ స్టూడియో ముందుకొస్తుంది? శక్తి లోపల ఉండిపోయింది, అది కొన్నవారికి ఉపయోగపడింది కొంచెమే. అంతకుముందు డీఎస్‌ను మెరుగుపరిచి తెచ్చిన డీఎస్ఐ విషయంలోనూ ఇలాగే జరిగింది.

సోనీ ఒకసారి యంత్రాన్ని మార్చకుండానే వేగం పెంచింది. పీఎస్‌పీ ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్ సామర్థ్యం ఉన్నదే, బ్యాటరీ కోసం మొదట్లో ఆటలకు 222 దగ్గరే హద్దు పెట్టారు. 2007లో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఆ హద్దు తీసేశారు. ఆ తర్వాతి ఆటలు 2004లో కొన్న పీఎస్‌పీలో కూడా పూర్తి వేగాన్ని వాడుకోగలిగాయి.

ఆగడమే ఎప్పుడూ సరైనదని కాదు. అతిగా ఆగినా ఆటగాళ్లకు నష్టమే, నింటెండో స్విచ్ దీనికి సాక్ష్యం. 2017 మార్చిలో వచ్చినప్పటికే దానిలోని టెగ్రా ఎక్స్1 రెండేళ్ల పాత చిప్. 2019లో ఆ చిప్‌ను చిన్న నానోమీటర్ల తయారీకి మార్చి బ్యాటరీ సమయాన్ని 2.5–6.5 గంటల నుంచి 4.5–9 గంటలకు పెంచడం చాలా మంచి పని. 2021లో ఓఎల్ఈడీ తెర కూడా బాగానే ఉంది. కానీ 2020 నుంచి ఒక గుర్తు స్పష్టంగా కనిపించింది. కంట్రోల్, హిట్‌మ్యాన్ 3, కింగ్‌డమ్ హార్ట్స్ 3 లాంటి ఆటలు స్విచ్‌కు ‘క్లౌడ్ వెర్షన్’గా వచ్చాయి. అంటే ఆట ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది, స్విచ్ వీడియో మాత్రమే చూపిస్తుంది. ఎక్కడికైనా తీసుకెళ్లి ఆడుకోవడానికి కొన్న యంత్రంలో గట్టి ఇంటర్‌నెట్ లేకపోతే తెరుచుకోని ఆట వచ్చిందంటే, చిప్ మోయగల బరువు అయిపోయిందని అర్థం. 2022 నవంబరులో పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ వచ్చేసరికి నింటెండో సొంత ఇంటి ఆటే తడబడింది. స్విచ్ 2 వచ్చాక ఉచిత అప్‌డేట్‌తో అదే ఆట సెకనుకు 60 ఫ్రేమ్‌లతో సాఫీగా నడిచింది. తప్పు ఆటదే అని అప్పట్లో చాలామంది అన్నారు, అది సగమే నిజం. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 ఒకటి రెండేళ్లు ముందే రావాల్సిన యంత్రం.

వచ్చిన తీరు మాత్రం సరైనది. ర్యామ్ 4 నుంచి 12 జీబీకి, స్టోరేజ్ 32 నుంచి 256 జీబీకి, చేతిలో ఆడేటప్పుడు తెర 720 నుంచి 1080 గీతలకు పెరిగాయి. పాత ఆటల్లో అత్యధిక భాగం నడుస్తాయి. మొదటిరోజే సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆట దానిలో వచ్చింది. పాత స్విచ్‌లో దాన్ని ఊహించలేం. తక్కువ పిక్సెళ్లతో గీసిన బొమ్మను తెలివిగా పెద్దది చేసే (అప్‌స్కేలింగ్) ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ ఇందులో ఉండటం పెద్ద తేడా. తక్కువ వాట్లలో ఎక్కువ నాణ్యత తెచ్చే దారి ప్రస్తుతానికి ఇదే. నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడయ్యాయి. మూల్యం కూడా ఉంది. ప్రకటించిన బ్యాటరీ సమయం 2 నుంచి 6.5 గంటలు, అంటే 2019 నాటి పాత స్విచ్ కంటే తక్కువ. జాయ్-కాన్‌లతో కలిపి బరువు 534 గ్రాములు. దొరికిన సామర్థ్యమంతా వేగానికే ఖర్చుపెట్టారు, బ్యాటరీకి ఏమీ మిగల్చలేదు. ఇంకో రెండు మూడేళ్లలో చిన్న నానోమీటర్ల చిప్‌తో సవరించిన స్విచ్ 2 వస్తే, 2019లో జరిగినట్టే, అది కొనదగ్గ యంత్రమవుతుంది.

మళ్లీ డెక్ దగ్గరికి వస్తే, దాని చిప్‌కు కూడా పరిమితి దగ్గరపడుతున్న గుర్తులు మొదలయ్యాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ రెండూ వెలుతురు ప్రసరించే దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్‌ను తప్పనిసరిగా అడుగుతాయి. డెక్‌లో అది ఉంది కానీ బలహీనం. 2025 ఫిబ్రవరి నాటి మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్‌ను డెక్ మీద హాయిగా ఆడటం కుదరదు. మరోవైపు అదే ఏడాది జనం విరగబడి ఆడిన హాలో నైట్: సిల్క్‌సాంగ్, హేడీస్ 2 డెక్ మీద చక్కగా నడుస్తాయి. అందుబాటు తప్పుతున్నది శిఖరం మీదున్న కొద్దిపాటి ఆటలే, లైబ్రరీ మొత్తం కాదు. ఇంకా టైముంది, కానీ చాలా టైం లేదు.

చిప్ మార్చకముందు సాఫ్ట్‌వేర్‌లో మిగిలి ఉన్నది పిండుకోవాలి. లెనోవో లీజియన్ గో ఎస్ ఒకే యంత్రంగా విండోస్‌తోనూ, డెక్‌లో ఉండే వాల్వ్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ స్టీమ్‌ఓఎస్‌తోనూ వచ్చింది. చాలా ఆటల్లో స్టీమ్‌ఓఎస్ వైపే ఎక్కువ ఫ్రేమ్‌లు వచ్చినట్టు 2025లో జరిగిన పరీక్షలు చూపించాయి. కొత్త చిప్‌కు డబ్బు పెట్టకుండా దొరికిన వేగం అది. మైక్రోసాఫ్ట్‌కు కూడా ఇది అర్థమైంది. ఎక్స్‌బాక్స్ ఆలైలలో డెస్క్‌టాప్‌ను లోడ్ చేయకుండా నేరుగా ఆటల తెరకే వెళ్లే పద్ధతి పెట్టి మెమరీ మిగిల్చింది. ఏఎండీ వైపు మాత్రం ఒక లోటు ఉంది. డీఎల్ఎస్ఎస్‌తో పోటీపడగల ఎఫ్ఎస్ఆర్ 4ను ఆ కంపెనీ 2025 మార్చిలో తన కొత్త డెస్క్‌టాప్ కార్డులతో విడుదల చేసింది. 999 డాలర్ల ఆలై ఎక్స్‌లోని గ్రాఫిక్స్ దానికంటే ఒక తరం వెనకవి. ఇప్పుడు తొందరపడి డెక్ 2 తెచ్చి ఉంటే ఆ లోటుతోనే వచ్చేది. వాల్వ్ ఆగడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

ధర గురించి కూడా ఆలోచించాలి. ఒకప్పుడు చిప్ చిన్నదైతే చౌకయ్యేది. ఇప్పుడు ప్రతి కొత్త నానోమీటర్ తయారీ అంతకుముందుదానికంటే ఖరీదు. దానికి తోడు 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు మండిపోతున్నాయి. 399 డాలర్లకు మొదలైన డెక్‌కు వారసుడు అదే అందుబాటులో రావాలంటే ఈ వేడి తగ్గాలి. ధర రెట్టింపై, వేగం రెట్టింపైతే అది ముందడుగు అనిపించుకోదు.

తెలుగు రాష్ట్రాల్లో కొనేవారికి ఈ లెక్కలో రెండు ప్రత్యేక విషయాలు చేరతాయి. మొదటిది వేడి. స్టీమ్ డెక్ 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో బాగా పనిచేస్తుందని 2022 యూరప్ వడగాడ్పుల సమయంలో వాల్వ్ ప్రకటించింది. అంతకు మించితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రామగుండంలో, రెంటచింతలలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటడం మామూలే. కరెంటు పోయిన గదిలో 30 వాట్ల చిప్ కంటే 15 వాట్ల చిప్ ఎంతో నయం. రెండోది సర్వీసు. వాల్వ్ మన దేశంలో డెక్‌ను అధికారికంగా అమ్మడం లేదు. నింటెండో కూడా అధికారిక అమ్మకాలు పెట్టలేదు. ఇక్కడ చేతులు మారేవి దిగుమతి దుకాణాల నుంచో, అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లోనో వచ్చినవే. ఏసస్ మాత్రం 2023 జులైలో ఆలైను రూ.69,990కి అధికారికంగా విడుదల చేసింది. వారంటీ లేని యంత్రాన్ని ఏటా మార్చాలనుకోవడం డబ్బును నీళ్లలో పోయడమే. దానికి బదులు డెక్‌లోని ఎస్‌ఎస్‌డీ (స్టోరేజ్) స్థానంలో అదే 2230 సైజులో ఎక్కువ స్టోరేజ్ ఉన్నదాన్ని వేసుకోవచ్చు. ముట్టుకోకపోయినా స్టిక్ కదిలినట్టు యంత్రం అనుకునే ‘డ్రిఫ్ట్’ వస్తే అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు వేయించుకోవచ్చు. 2022 నుంచీ రిపేరు సామాన్ల కంపెనీ ఐఫిక్సిట్ డెక్ విడిభాగాలు అమ్ముతోంది. తక్కువ సెట్టింగ్‌లు పెట్టి, ఎఫ్ఎస్ఆర్ వేసి కూడా ఆడాలనుకున్న ఆటలు సెకనుకు 30 ఫ్రేమ్‌లు అందుకోలేకపోతుంటే అప్పుడు కొత్తది చూడాలి. ఒకటి రెండు ఆటల కోసమైతే అక్కర్లేదు.

డెక్ వారసుడు గానీ, మరే కొత్త హ్యాండ్‌హెల్డ్ గానీ ప్రకటించిన రోజు కంపెనీలు 30 వాట్ల గ్రాఫే ముందు పెడతాయి. దాన్ని పక్కన పెట్టి, 10 వాట్ల దగ్గర, 15 వాట్ల దగ్గర పాత యంత్రంతో పోల్చిన అంకెలు వెతకాలి. 15 వాట్ల దగ్గర 30 ఫ్రేమ్‌లు ఇచ్చిన ఆట అక్కడే 55, 60 ఇస్తే, బరువు 700 గ్రాముల లోపు ఉంటే, మెమరీ వేగం సెకనుకు 150 జీబీ దాటితే, ఎఫ్ఎస్ఆర్ 4 స్థాయి అప్‌స్కేలింగ్ చిప్‌లోనే ఉంటే, పాతదాన్ని అమ్మేసి కొత్తది కొనొచ్చు. 35, 38 ఫ్రేమ్‌ల దగ్గర ఆగిపోతే పాత డెక్‌కు ఒక పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయించుకుని ఇంకో రెండేళ్లు ఆడుకోవచ్చు.